పాదసూచిక వచ్చి ముందు వరసలో కూర్చుంది

ఆ రోజుల్లో మాటకి కూడా యజమాని ఉంటాడని నాకు తెలియదు. మా ఇళ్లలో ఎవరైనా ఏదైనా అంటే "అన్నారు" అనేవాళ్లం, అంతటితో సరి. ఎవరన్నారని ఎవరైనా అడిగితే "పెద్దలు" అనేవాళ్లం. ఏ పెద్దలు, ఎంత పెద్దలు, ఏ ఊరి పెద్దలు అని ఆరా తీసే మనిషి మా వంశంలో పుట్టలేదు. పుట్టి ఉంటే అధికప్రసంగి అని పేరుపెట్టి ఓ మూల కూర్చోబెట్టేవాళ్లు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను పోయి పోయి పరిశోధనలో పడ్డాను. ఒకళ్లు చెప్పింది వాళ్లే చెప్పారని చెప్పడమే పరిశోధనలో సగం పని అని తెలిసేసరికి వెనక్కి రావడానికి వీల్లేనంత దూరం వెళ్లిపోయాను. (ఈ మాట నాది కాదు, మా మాస్టారిది. ఆయన మాట ఆయన్ని చెప్పకుండా వాడుకుంటే ఈ వయసులో కూడా నాకు వీపు చుర్రుమంటుంది.)

రాష్ట్రం ఏర్పడ్డాక నాన్న ఆఫీసు హైదరాబాదు వచ్చేసింది, ఆఫీసు వెనకాల నాన్న, నాన్న వెనకాల ఆవకాయ జాడీలతో మేమూ వచ్చేశాం. నాంపల్లి స్టేషనుకి దగ్గర్లో ఒక సందులో పాత ఇంట్లో రెండు గదులు కిరాయికి దొరికాయి. నడుమ వాకిలి, చుట్టూ గదులు, వాకిట్లో ఒక నల్లా. ఆ ఇంటికీ, ఆ వాకిలికీ, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ నల్లాకీ యజమానురాలు పెద్దమ్మ. ఆవిడ ఎవరికి పెద్దమ్మో నాకు తెలియదు. సందు మొత్తానికి పెద్దమ్మే. తరాలుగా ఆ ఊళ్లో ఉన్న కుటుంబం వాళ్లది. కొడుక్కి బేగం బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం. వాకిట్లో నీళ్లొచ్చేదాన్ని మేం కుళాయి అనేవాళ్లం, పెద్దమ్మ నల్లా అనేది. పేరేదైనా నీళ్లు ఒకటే, అవి ఎప్పుడు రావాలో మాత్రం ఆవిడ ఇష్టం. మేం దిగిన కొత్తలో అమ్మ తెల్లారకముందే బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడితే, పెద్దమ్మ అరుగు మీంచి "కొత్త బిచ్చగాడు పొద్దెరగడంట" అంది. అమ్మ బిందె అక్కడే వదిలేసి లోపలికొచ్చి ఏడ్చింది. ఆ తరవాత ఇద్దరూ ఒకళ్లకొకళ్లు పచ్చళ్లు ఇచ్చుకుంటూ, చాటున ఒకళ్లనొకళ్లు అనుకుంటూ చాలా ఏళ్లు సుఖంగా కాపురం చేశారు.

ఎమ్మే అయ్యాక నాకు పరిశోధన చెయ్యాలన్న పిచ్చి పట్టుకుంది. యూనివర్సిటీలో మా తెలుగు శాఖలో ఆ ఏడాది ఉన్నది ఒక్క సీటు. కావాలన్నవాళ్లందరూ తలా ఒక పేపరు రాసి పెద్దల ముందు చదవాలి, అది నచ్చినవాళ్లకే సీటు. ఇంట్లో నాన్న అప్పటికే లకడీకాపూల్లో ఒక ఆఫీసులో తెలిసినాయనతో మాట్లాడి నాకు గుమాస్తా ఉద్యోగం ఖాయం చేసి ఉంచారు. "సీటొస్తే చదువుకో తల్లీ, నేనేం వద్దనను. రాకపోతే మారు మాట్లాడకుండా వెళ్లి ఆ కుర్చీలో కూర్చో" అన్నారు. ధర్మమైన మాటే. కానీ ఒకరోజు నాన్నతో వెళ్లి ఆ కుర్చీ చూసొచ్చాను. దాని పక్కన కప్పుని తాకే ఫైళ్లు, ఎదురుగా గోడ. ఆ గోడ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఆ సీటు నాకు కావాలి. అంతగా నేను అంతకుముందు దేన్నీ కోరుకోలేదు.

మా మాస్టారు సన్నగా, పొడుగ్గా, తెల్ల పంచెలో ఉండేవారు. కోపం వచ్చినా గొంతు పెంచేవారు కాదు, కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఆయన కళ్లజోడు తుడుస్తున్నారంటే శాఖలో అందరూ తలోదిక్కూ పోయేవాళ్లు. నేను హైదరాబాదు వాడుకలోని సామెతల మీద పేపరు రాస్తానన్నాను. సంతోషించారు. వారం తిరక్కుండా ఉన్న సామెతలన్నీ గుదిగుచ్చి తీసుకెళ్లి ఇచ్చాను. ప్రతి సామెత ముందూ "పెద్దలు చెప్పినట్లు" అని భక్తిగా రాశాను. ఆయన రెండు పేజీలు తిప్పి కళ్లజోడు తీశారు.

"ఎవరమ్మా ఈ పెద్దలు? నాకు పరిచయం చేస్తావా?"

"అందరూ అంటారండీ" అన్నాను.

"అందరూ అంటే ఎవరూ అనలేదని. ఈ అందరూ ఎక్కడుంటారో చెబితే రిక్షా కట్టించుకుని వెళ్లి కలిసొస్తాను."

చివర్లో నేను చూసిన పుస్తకాల పట్టిక ఉంది. (అందులో సగం అబిడ్సులో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద బేరమాడి కొన్నవి.) దాన్ని చూసి ఆయనకి కోపం పోయి నవ్వొచ్చింది. ఎందుకంటే నాకు తెలిసిన పట్టిక ఒక్కటే, అది పెళ్లి శుభలేఖ. అందులో పెద్దవాళ్లు ముందుంటారు, పిన్నలు తరవాత. పోయినవాళ్ల ముందు కీర్తిశేషులు అని ఉంటుంది. నేనూ అలాగే వేశాను. అందరికంటే పైన మాస్టారి పుస్తకం, తరవాత మాస్టారికి చదువు చెప్పినాయన పుస్తకం, ఆ కింద వయసు వారీగా రచయితలు, ప్రతి పేరుకీ ముందు శ్రీ, వెనక గారు. పెళ్లికాని రచయిత్రి ఒకావిడ ఉంటే చిరంజీవి సౌభాగ్యవతి అని కూడా వేశాను. "ముహూర్తం ఎప్పుడు? భోజనాలు ఎక్కడ?" అన్నారు మాస్టారు. అకారాది క్రమంలో వెయ్యమ్మా అంటే నాకు మనసొప్పలేదు. అలా వేస్తే ఆయన పేరు అడుగుకి పోతుంది. గురువుగారిని తీసుకెళ్లి ఆఖరి బంతిలో కూర్చోబెట్టడం ఎలాగ? "పోనీ, నేను ఆఖరి బంతిలోనే తింటాను. అప్పటికి రసం మరిగి బాగుంటుంది" అన్నారాయన.

ఆ రోజే ఆయన నాకు పాదసూచిక అంటే ఏమిటో చెప్పారు. ప్రతి సామెతకీ ఒక అంకె వేసి పేజీ అడుగున చిన్న అక్షరాలతో రాయాలి: ఎవరన్నారు, పేరేమిటి, వయసెంత, ఏ ఊరు, ఏ సందర్భంలో అన్నారు. "సామెత ఊరికే గాలిలో ఉండదు. ఎవరో ఎవరినో అంటేనే అది సామెత. ఆ ఇద్దరూ లేకపోతే నీ దగ్గరున్నది ఎండిపోయిన తొక్క" అన్నారు. నాకు ఎంతో నచ్చింది. నచ్చిన మాటని అక్షరాలా పాటించడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

సేకరణకి దిగాక తెలిసింది, సామెత చెప్పమంటే ఎవరూ చెప్పరని. "పెద్దమ్మా, ఒక సామెత చెప్పండి" అంటే "సామెతలేందే? నాకేం తెల్వయ్" అనేది. ఆ మాట అన్న మరుక్షణం మా నాన్న అటుగా వెళుతూ దూలానికి చెదలు పట్టిందని సలహా చెబితే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకో" అని గొణిగేది. అంటే సామెత కోపంలోంచి ఊడిపడాలి తప్ప పిలిస్తే రాదు. అందుకని కోపాలు వచ్చే చోటు వెతుక్కుని నల్లా దగ్గర మకాం వేశాను. పాపం ఆ వాకిట్లో కోపాలకి ఏనాడూ లోటులేదు. ఎవరిని అనాలనుకున్నా నల్లా దగ్గరే అనేవాళ్లు, ఎందుకంటే అక్కడైతే అందరూ వింటారు. పెద్దమ్మ కోడల్ని అంటుంటే నేను రాసుకునేదాన్ని. పెద్దమ్మ కోడల్ని నేను వదినా అని పిలిచేదాన్ని. ఆవిడ అత్తగారి వీపుని అంటుంటే అదీ రాసుకునేదాన్ని. మా అమ్మ లోపలికొచ్చి తలుపు దగ్గరికేసి అన్నవి కూడా వదల్లేదు. ఎవరి కోపమైనా నాకు పండగే. ఒక రోజంతా అందరూ సఖ్యంగా ఉంటే నాకు అన్నం సయించేది కాదు.

వయసు దగ్గర మళ్లీ చిక్కొచ్చింది. మా అమ్మ అసలు చెప్పనంది. పెద్దమ్మ మాత్రం దాపరికం లేకుండా "మూసీకి పెద్ద వరదొచ్చినప్పుడు మా అమ్మ నన్ను కొంగుల కట్టుకొని మిద్దెనెక్కిందంట. నువ్వే లెక్క చేస్కో" అంది. నేను లెక్క చెయ్యకుండా ఉన్నదున్నట్టు వేశాను. పేరు అడిగితే, ఆ పేరుతో తనని ఎవరూ పిలవక చాలా రోజులైందని సిగ్గుపడుతూ చెప్పింది. (పేపర్లో అందరి పేర్లూ ఉన్నాయి. ఇక్కడ రాయడం లేదు. అది పరిశోధన, ఇది ఇల్లు.) ఎందుకడుగుతున్నానో మాత్రం ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. అదంతా పరిశోధన రహస్యం అనుకునేదాన్ని.

అబిడ్సులో పెద్ద పోస్టాఫీసు దగ్గర ఒక మేడమెట్ల కింద తెలుగు టైపు చేసే ఒకాయన ఉండేవాడు. ఇంకో టైపాయన్ని వెతుక్కుంటూ ఊరంతా తిరగాల్సిన అవసరం లేకుండా ఆయన వదినకి స్వయానా అన్నయ్య. తెలిసినవాడు, తప్పుల్లేకుండా కొడతాడు అని వదినే చెప్పింది. నేను సంబరంగా కాగితాలు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఎవరి చేతిలో ఏం పెడుతున్నానో నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. చదువు ఎక్కువైతే వచ్చే గుడ్డితనం ఒకటుంటుంది, అది కళ్లజోడుతో పోదు.

ఆయన బుద్ధిమంతుడు. పేజీ పైభాగం అంతా మెదలకుండా కొట్టాడట. అడుగుకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఇలా ఉంది: "ఆడలేక మద్దెల ఓడన్నట్టు. చెప్పినవారు ఇంటి యజమానురాలు, నాంపల్లి, మూసీ వరదనాటికి చంటిపిల్ల. సందర్భం: కోడలు అన్నం మాడ్చి, నెపం కిరసనాయిలు స్టవ్వు మీద వేసినప్పుడు." ఆ కోడలు తన చెల్లెలు. మరుసటిరోజు ఆయన టైపు చేసిన కాగితాలు నాకివ్వకుండా తిన్నగా వదిన దగ్గరికి పట్టుకొచ్చాడు. ఇద్దరూ అన్ని పేజీలూ వదిలేసి అడుగులు మాత్రం చదువుకున్నారు. (పాదసూచికలు ఎవరూ చదవరని తోటి విద్యార్థులు అంటుండేవారు. ఉత్తమాట. అవి ఎవరి గురించో తెలిస్తే పైన ఉన్నదే ఎవరూ చదవరు.)

నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో సభ జరుగుతోంది. వదిన కళ్లు తుడుచుకుంటూ "గిప్పుడు నా సంగతి కాలేజీల చదువుతరంట! నేను అన్నం మాడగొట్టినని పుస్తకంల ఎక్కిచ్చిన్రు!" అంటోంది. పెద్దమ్మ "నేనెప్పుడన్న గా మాట?" అంటోంది. "అన్నవని రాసుంది, నీ పేరు సుత ఉంది, చూడు" అని వదిన కాగితం చూపిస్తోంది. ఇంతటితో పోతే బాగుండేది. వాళ్లన్నయ్య గొంతు సవరించుకుని ఇంకో పేజీ అడుగున ఉన్నది గట్టిగా చదివాడు: "పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. చెప్పినవారు మా అమ్మ, గుంటూరు ప్రాంతం, వయసు చెప్పలేదు. సందర్భం: మేము బట్టలు ఉతుక్కుంటుండగా ఇంటి యజమానురాలు నల్లా కట్టేసినప్పుడు."

పెద్దమ్మ మా గుమ్మం వైపు తిరిగింది. గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు ఎలాంటిదంటే, చేతిలో అట్లకాడ లేకపోబట్టి నేను బతికి ఈ కథ చెబుతున్నాను.

"నేను పేనునా?" అంది పెద్దమ్మ. కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. మెల్లిగా అంది. "మీ ఆయనకు జరమొస్తే దవాఖానకు తీస్కపోయింది ఎవలు? నీ బిడ్డ పాసైతె గల్లీ అంత మిఠాయి పంచింది ఎవలు? నేను పేనునా!" లోపలికెళ్లి తలుపు వేసుకుంది. సాయంత్రం కొడుకుతో కబురు పంపింది, నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకోమని. ఆ రోజునుంచీ నల్లా మా బిందెకి మాత్రం రాలేదు. అమ్మ సందు చివరకి పోయి నీళ్లు మోసుకొచ్చేది, మోసుకొచ్చిన ప్రతిసారీ "పరిశోధన!" అని ఒక్క మాట అని బిందె దించేది. నాన్న మాత్రం లకడీకాపూల్ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని అన్నం తింటూ చెప్పారు.

నేను మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. జరిగిందంతా చెప్పి, పేర్లూ సందర్భాలూ కొట్టేసి "ఒక వృద్ధురాలు చెప్పగా" అని వేసుకుంటానండీ అన్నాను. ఆయన కళ్లజోడు తియ్యలేదు. "వాళ్ల మాటలు రాస్తున్నానని వాళ్లకి చెప్పావా?" అని అడిగారు.

"లేదండీ. చెబితే తిట్టుకోవడం మానేస్తారేమోనని..."

"అమ్మాయ్, పుస్తకం చూసి రాసేటప్పుడు పుస్తకాన్ని అడగనక్కర్లేదు. మనిషిని చూసి రాసేటప్పుడు అడగాలి. అది నీకు నేను చెప్పాల్సింది. పాదసూచిక ఎలా వెయ్యాలో చెప్పాను గానీ ఇది చెప్పలేదు" అన్నారు. గురువుగారు తన పొరపాటు అలా చెబుతుంటే నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. "పేర్లు తీసేస్తే అది పేపరు కాదు. వెళ్లి అడుగు. ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే ఆ సామెతలు తీసెయ్, మిగిలింది చదువు." ఆ సామెతలు తీసేస్తే మిగిలేది పుస్తకాల పట్టిక. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు పొద్దున్న కాగితాలు పట్టుకుని పెద్దమ్మ గది ముందు నిలబడ్డాను. ఆవిడ చాటలో బియ్యం ఏరుతోంది. వదిన అదే గదిలో ఆ చివర కూర్చుని కూరలు తరుగుతోంది. ఇద్దరికీ మాటల్లేవని చూడగానే తెలుస్తోంది. క్షమించమన్నాను. పెద్దమ్మ తలెత్తలేదు. రాసినవన్నీ వినిపిస్తాను, వద్దన్నవి కొట్టేస్తాను అన్నాను. "చదువు మరి. ఇంకేమేం అన్ననో నేనూ వినాలె గద" అంది, రాయి ఒకటి ఏరి పారేసి.

చదివాను. మొదట్లో రాళ్లు ఏరుతూనే ఉంది. కంద, కత్తిపీటల దగ్గర పెదవి కొంచెం కదిలింది. కొత్త బిచ్చగాడి దగ్గర "ఔ, గట్లనే అన్న" అంది. తరవాత చాట పక్కన పెట్టేసింది. తన జీవితంలో కోపమొచ్చి అన్న మాటలన్నీ ఒకదాని తరవాత ఒకటి, వాటి కింద తన పేరుతో సహా ఎవరో చదువుతుంటే వినడం ఎవరికి దొరుకుతుంది? మధ్యలో ఆపి, "గింతగనం మాట్లాడిన్నా నేను?" అని నవ్వింది. నాకు పోయిన ప్రాణం సగం తిరిగొచ్చింది. మిగతా సగం మద్దెల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పోయింది. వదిన కత్తిపీట చప్పుడు ఆగింది.

"గిది తప్పు రాసినవ్ బిడ్డా" అంది పెద్దమ్మ.

"అనలేదంటారా పెద్దమ్మా?"

"అన్న. గాని మాట నాది గాదు. మా అత్తది. నేను పెండ్లై వచ్చిన కొత్తల జొన్నరొట్టె చెయ్యరాక పెనం మంచిగ లేదన్న. అప్పుడు నన్నన్నది ఆమె. ఎంత ఏడ్చిన్నో తెల్సా? మూడొద్దులు అన్నం ముట్టలే. ఆఖరికి ఆమెనే వచ్చి నా చెయ్యి పట్టుకొని రొట్టె కొట్టుడు నేర్పిచ్చింది." వదిన వైపు చూడకుండానే అంది, "నేనేమో అనుడు నేర్సుకున్న, నేర్పుడు మర్శిన." ఆ తరవాత నా కాగితం మీద వేలు పెట్టి, "గీడ నా పేరు తీసెయ్యి. ఆమె పేరు రాయి. ఆమె సొత్తు నేనెందుకు తినాలె?" అంది.

మా మాస్టారు నెలలపాటు నాకు చెప్పిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. నేను పెన్ను తీసి, "ఆవిడ పేరేమిటి పెద్దమ్మా?" అన్నాను. ఆవిడ నోరు తెరిచి మూసుకుంది. అత్తగారి పేరు కోడలు నోటితో అనకూడదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ పేరు ఒక్కసారైనా అనలేదు, ఇప్పుడు పరిశోధన కోసం అనగలదా? చేతులు తిప్పింది, పైకి చూపించింది, "గదే... గా దేవత పేరు" అంది. దేవతలు కోకొల్లలు. నేను ఒక్కొక్క పేరే చెబుతుంటే కాదని తల అడ్డంగా ఊపుతోంది. చూసి చూసి, కూరలు తరుగుతున్న చోటునుంచి వదిన ఆ పేరు చెప్పింది. తన కూతురికి పెట్టింది ఆ ముత్తవ్వ పేరే. ఇంట్లో ఆ పేరు పెట్టి తిట్టలేరు కాబట్టి చిన్నీ అని పిలుస్తారు. "మా పిల్ల పేరు నేను చెప్పొచ్చు గద" అంది, ముక్కు ఎగబీల్చి.

"ఔనే, నాకు యాదికే రాలే" అంది పెద్దమ్మ. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నాలుగైదు రోజుల తరవాత అదే మొదలు. వదిన లేచొచ్చి నా పక్కన కూర్చుని, సందర్భంలో తన సంగతి కూడా ఉంచమంది, కాకపోతే స్టవ్వుకి వత్తులు నిజంగానే బాగాలేవని కలపమంది. కలిపాను. ఇక మిగిలింది పేను. నేను ఆ పేజీ తీసి చింపబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్. మీ అమ్మ ఊకె అన్లే. నల్లా నేను బంద్ చేసిన మాట నిజమే గద" అని, "మాట మాత్రం మస్తుగుంది. నేనూ ఎవల్నన్న అంట" అంది. ఆ మధ్యాహ్నం మా బిందెకి నీళ్లొచ్చాయి. అమ్మ గోంగూర పచ్చడి గిన్నెతో వెళ్లి, పెద్దమ్మ పక్కన కూర్చుని ఆవిడ చాటలో బియ్యం ఏరింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్న సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

పేపరు చదివే రోజు నేను హాల్లోకి అడుగుపెట్టి చూస్తే ముందు వరసలో, మా పేపర్లు విని సీటు తేల్చడానికి పై ఊరినుంచి వచ్చిన పెద్దాయన పక్క కుర్చీలో, పట్టుచీర కట్టుకుని పెద్దమ్మ కూర్చుని ఉంది. ఆ పక్కన వదిన. రిక్షా కట్టించుకుని వచ్చేశారు. చదవడం మొదలుపెట్టాను. సభలో పైన ఉన్నది చదువుతారు గానీ పాదసూచికలు చదవరు కదా, మొదటి సామెత చెప్పి రెండోదానికి వెళ్లబోయాను.

"ఏమే పిల్లా, అది ఎవల మాటనో చెప్పవా?" అంది ముందు వరస.

హాలంతా గొల్లుమంది. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కానిమ్మన్నట్టు చెయ్యి ఊపారు. పేరూ ఊరూ సందర్భంతో సహా చదివాను. అక్కణ్నుంచి ఒక్కదాన్నీ వదలనివ్వలేదు. మద్దెల దగ్గర తన అత్తగారి పేరు మైకులో వినపడగానే కొంగు తలమీదికి లాక్కుంది, ఆ అత్తగారు అక్కడే ఉన్నట్టు. పేను దగ్గర తనే లేచి నిలబడి సభకి నమస్కారం పెట్టింది. పై ఊరి పెద్దాయన ఉండబట్టలేక, "ఎవరండీ ఈవిడ?" అని అడిగారు.

మా మాస్టారు లేచి ఎంతో గౌరవంగా, "ఆవిడ మా అమ్మాయి పాదసూచిక అండీ" అన్నారు.

సీటు నాకే వచ్చింది. లకడీకాపూల్ కుర్చీలోకి ఇంకెవరో పుణ్యాత్ములు వెళ్లారు. నాన్న ఆ రోజు అబిడ్సు వెళ్లి నాకొక పెన్ను కొనుక్కొచ్చారు, పెద్దమ్మ సందంతా మళ్లీ మిఠాయి పంచింది. ఆ సీటుతో మొదలైన చదువే నాకు ఉద్యోగమైంది, అన్నమైంది, ఇప్పటిదాకా బతుకైంది. నాకు దాన్ని ఇచ్చింది కళ్లజోడు తుడుచుకునే ఒకాయనా, తను పడ్డ మాటకి కూడా అత్తగారి పేరు వెయ్యమన్న ఒకావిడా. వాళ్లకి నేను ఎంత రుణపడి ఉన్నానో వాళ్లుండగా సరిగ్గా చెప్పానో లేదో గుర్తులేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

మొన్నామధ్య ఒక పరిశోధక విద్యార్థిని కాగితాలు చూపించడానికి ఇంటికొచ్చింది. ఏం చేసినా ఆ అధ్యాయం కుదరడం లేదని, తప్పు విషయానిదేనని వాదిస్తుంటే నాకు విసుగొచ్చి ఆ మద్దెల మాటే అనేశాను. ఆ పిల్ల బాధపడకపోగా పెన్ను తీసి, "బాగుంది మేడమ్, ఎవరి మాట ఇది?" అంది. చెబుదామనే అనుకున్నాను. అన్నది అమ్మ గొంతుతో, విరుపు పెద్దమ్మది, చెయ్యి ఊపింది మాస్టారిలా. ఎవరిదని చెప్పను? తెలిసినంతవరకూ అందరి పేర్లూ, ఊళ్లూ చెప్పి రాసుకోమన్నాను. ఆ పిల్ల బుద్ధిగా రాసుకుని, "మరి ఇందులో మీదేమీ లేదా మేడమ్?" అని అడిగింది.

"నేను విన్నానమ్మా" అన్నాను. అదీ రాసుకుంది. ఆ పిల్ల వెళ్లాక చాలాసేపు ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను.